రాయి దాటేలోపు

ఉడికిన గుడ్డు ఒలవడం కూడా ఒక పనేనా అనుకుంటారు చాలామంది. బడిలో ఉన్న పిల్లలందరికీ తలా ఒకటి ఒలిచిపెట్టి చూస్తే తెలుస్తుంది. మాణిక్యమ్మ గుడ్డును సిమెంటు గట్టుకేసి ఒక్కసారి తట్టి, అరచేతి కింద దొర్లించి, చన్నీళ్ళలో ముంచి, లావు వైపు నుంచి బొటనవేలితో అందుకుంటుంది. లోపలి పొర చిక్కిందా, పెంకంతా ఒక్కసారే ఊడొస్తుంది. చిక్కలేదా, గుడ్డు సగం పెంకుతోనే పోతుంది. ఎప్పుడో తప్ప ఆమెకు చిక్కకపోవడం ఉండదు.

బొల్లాపల్లి మండలంలోని ఆ ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరు ఆడవాళ్ళు, మాణిక్యమ్మా సీతారావమ్మా. పని విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. చేతులు మాణిక్యమ్మవి, నోరు సీతారావమ్మది. ఆ గురువారం కూడా సీతారావమ్మ ఒక గుడ్డు చేతిలో పట్టుకుని, దాన్ని ఒలవకుండా అరగంట మాట్లాడింది.

"వినుకొండ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసిందక్కా. శనివారం పొద్దుగూకే ఏళకి ఆకాశంలోంచి కొండంత రాయి వచ్చిద్దంట. టీవీలో నిన్నటి నుంచీ అదే గోల. మంటలు పెట్టి మరీ చూపిస్తన్నారు."

"ఏడ పడుద్దంట?"

"ఏడో చెప్తే మనం పక్కకి జరిగి నిలబడమూ? అది మాత్రం చెప్పరు. గండం మటుకు తోడబుట్టిన మొగోళ్ళకంట. రాయి దాటేలోపు అన్నదమ్ములు ఆడపడుచు ఇంటికొచ్చి, ఆమె చేత్తో కలిపిన పెరుగన్నం మూడు ముద్దలు తిని పోవాలంట. మా అన్నోళ్ళిద్దరూ రేపే వస్తన్నారు."

ఆకాశంలో పోయే రాయికీ, అన్నదమ్ములకీ, పెరుగన్నానికీ ముడి వేసిన మహానుభావుడు ఎవరో ఎవరికీ తెలియదు. ఈ వైపు ఇలాంటివి కొత్త కూడా కాదు. ఒక ఏడు ఒక్క కొడుకున్న తల్లులంతా వేపచెట్లకు నీళ్ళు పోశారు. ఇంకో ఏడు వదినామరదళ్ళు ఒకరికొకరు గాజులు పెట్టుకున్నారు, వినుకొండ కొట్లల్లో ఆకుపచ్చ గాజులు దొరకలేదు. నమ్మేవాళ్ళు చేస్తారు. నమ్మనివాళ్ళు "చేస్తే పోయేదేముంది" అని చేస్తారు. మొత్తానికి అందరూ చేస్తారు.

మాణిక్యమ్మ చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే, చిన్నకోటయ్య. పక్క ఊళ్ళోనే ఉంటాడు. క్రషర్‌లో టిప్పర్ తోలుతాడు. కంకర లోడుతో ఈ బడి గేటు ముందు నుంచే పోతాడు, వస్తాడు. పోయిన ఏడు వాడి కూతురు సంజన ఓణీల ఫంక్షన్ అయినప్పటి నుంచి ఆ టిప్పర్ ఇక్కడ ఆగలేదు.

సీతారావమ్మ బోరింగు దగ్గరికి నీళ్ళకు వెళ్ళగానే అనూష టీచర్ వచ్చింది. పిల్లలకు వడ్డించే ముందు ఎవరో ఒక టీచరు రుచి చూడాలి. నరసరావుపేట నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ సైన్సు టీచరు చిన్నది, కలుపుగోలుది. గంటె మీద కూర చల్లార్చుకుంటూ తనంతట తనే చెప్పింది.

"పిల్లలు వణికిపోతున్నారు మాణిక్యమ్మా. ఏం కాదు. ఆ రాయి చందమామకంటే ఎంతో దూరం నుంచి దాని దారిన అది పోతుంది. మీరు ఇక్కడ గేటు దగ్గర నిలబడితే వినుకొండలో పోయే లారీ వచ్చి గుద్దుతుందా? ఇదీ అంతే. లెక్కలు కట్టే చెప్పారు. మన కంటికి కూడా కనపడదు."

"అంతేనా టీచరమ్మా!"

"అంతే. మీరు కూడా ఊళ్ళో నలుగురికీ చెప్పండి. నేను చెప్తే టీచరు కాబట్టి అలాగే చెప్తుంది అనుకుంటారు. మీరు చెప్తే వింటారు."

అలాగే అని తలూపింది మాణిక్యమ్మ. ఆమెకు నిజంగానే చెప్పాలనే ఉంది. సీతారావమ్మ బిందె దించి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఏమందక్కా టీచరమ్మ?" అని అడిగేదాకా ఉంది. అప్పుడు ఆమెకు సీతారావమ్మ అన్నలిద్దరూ బండి దిగి రావడం కళ్ళకు కట్టింది. ఆ వెనకే ఇంకొకడు, టిప్పర్ తలుపు ధడాలున వేసి దిగుతూ కనిపించాడు.

"ఏమోనే. భయపడాల్సిందేనంట" అంది మాణిక్యమ్మ. "ఎవరి జాగ్రత్త వాళ్ళు చేసుకోమంది."

సీతారావమ్మ ఇందాకటి గుడ్డు అందుకుని ఒక్క క్షణంలో ఒలిచేసింది. ఇంత పెద్ద కబురు మోసుకుపోవాల్సిన మనిషి ఇంకా ఇక్కడ కూర్చుని ఉండలేకపోయింది.

శుక్రవారం తెల్లారేసరికి ఊళ్ళో బళ్ళ చప్పుడే చప్పుడు. క్రోసూరు నుంచి ఒకడు, మాచర్ల నుంచి ఒకడు, పని మానుకుని, పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఒకడు. ఏళ్ళ తరబడి అక్కాచెల్లెళ్ళ మొహం చూడనివాళ్ళకు కూడా దారి గుర్తొచ్చింది. ప్రతి ఇంట్లోంచీ పెరుగు వాసన, కొత్త గాజుల చప్పుడు. మగవాళ్ళు మూడు ముద్దలు తిని ఊరుకుంటారా? ఎలాగూ వచ్చాం కదా అని కోడిని కోయించుకున్నారు. గండం సంగతేమో కానీ ఊరికి మాత్రం పండగొచ్చింది.

బడిలో సగం మంది పిల్లలు లేరు. అనూష టీచర్ వంటగది గుమ్మంలో నిలబడి కోపంగా అంది.

"మన బడి పేరు చెప్పి ఎవరో పుకారు పుట్టించారు. టీచర్లే భయపడమన్నారంట! ఎవరై ఉంటారు మాణిక్యమ్మా?"

మాణిక్యమ్మ సాంబారు కలుపుతూనే ఉంది. అడుగంటే సాంబారు కాదది, కలపాల్సిన పని లేదు. "ఏమో టీచరమ్మా, ఊరు గదా" అంది. తన మొహం ఆవిరి వెనక ఉన్నందుకు సంతోషించింది. సిగ్గుగా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ సిగ్గు కింద ఇంకొకటి, రేపటి మీద ఆశ, పొద్దుటి నుంచి ఆమెను నిలవనివ్వడం లేదు.

సాయంత్రం మంచినీళ్ళ ప్లాంటు దగ్గర డబ్బాలు వరుసలో పెట్టి ఆడవాళ్ళు చేరారు. అందులో ఒకావిడ ఎవరి మొహమూ చూడకుండా అడిగింది.

"అవునే, పునిస్త్రీ చెయ్యే కావాలా? మొగుడు లేనోళ్ళ చెయ్యి పనికొచ్చిద్దా?"

ఒకరిద్దరి చూపు మాణిక్యమ్మ వైపు పోయింది. కుళాయి నీళ్ళు డబ్బాలో పడే చప్పుడు పెద్దగా వినపడింది. మాణిక్యమ్మ మూత బిగిస్తూ వంగే ఉండిపోయింది. సీతారావమ్మకు మాత్రం ఇలాంటివి తేల్చకపోతే నిద్ర పట్టదు. అప్పటికప్పుడు వినుకొండ మేనకోడలికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అటు నుంచి ఆ పిల్ల కాస్త ఆలోచించి, "తోడబుట్టింది అయితే చాలంట అత్తా, మిగతాది ఏం చెప్పలా" అంది.

"పనికొచ్చిద్దంటక్కా!" అంది సీతారావమ్మ, తనే ఏదో ఇప్పించినట్టు.

మాణిక్యమ్మ డబ్బా చంకనెత్తుకుని నడిచింది. దారిలో ఆమెకు సంజన ఫంక్షన్ గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, అది ఎప్పుడు పోయింది కనక. మేనత్తగా మొదటి అక్షింతలు తనే వెయ్యాలని పళ్ళెం పట్టుకుని ముందుకు పోతుంటే, మరదలు పద్మజ వచ్చి ఆ పళ్ళాన్ని నెమ్మదిగా అందుకుంది. అంతే నెమ్మదిగా పక్కావిడ చేతిలో పెట్టింది. "నువ్వు కూర్చో వదినా, పొద్దుటి నుంచీ అలిసిపోయావు" అంది నవ్వుతూ. కోటయ్య చూశాడు. చూసి, ఫోన్ తీసి అందులో ఏదో వెతుక్కోవడం మొదలెట్టాడు. మాణిక్యమ్మ అన్నం తినకుండా బస్సెక్కి వచ్చేసింది. ఇంటి ఆడపడుచు నలుగురిలో విస్తరి ముందు నుంచి లేచిపోయి పరువు తీసిందని వాళ్ళకు కోపం. అదీ జరిగింది. శుభానికి అడ్డొచ్చిన చెయ్యి ఇవాళ గండానికి పనికొచ్చిందని ఆమెకు ఒళ్ళు మండింది. అయినా గేదెపాలు పోయించుకుని, గోరువెచ్చగా కాచి, తోడు పెట్టి, గిన్నె మీద గుడ్డ కప్పింది.

రెండో శనివారం కావడంతో బడి లేదు, ఆమె పొద్దున్నే గుమ్మం కడిగింది. బియ్యం కాస్త ఎక్కువ నీళ్ళు పోసి మెత్తగా వండింది. కోడిగుడ్డు పులుసు పెట్టింది, వాడికి చిన్నప్పటి నుంచీ అదుంటే ఇంకేం అక్కర్లేదు. ఎదురింటికి తమ్ముడొచ్చాడు. పక్కింటికి అన్నొచ్చి వెళ్ళాడు కూడా. బండి చప్పుడైనప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలి గుమ్మంలోకి రావడం, అలవాటుగా వీధి ఊడుస్తున్నట్టు నటించడం. ఊడ్చిన వీధినే ఊడ్చింది. మధ్యాహ్నం దాటింది. ఇంక రాడులే అనుకుని, అలా అనుకున్నందుకు తన్ను తానే తిట్టుకుంది.

టిప్పర్ చప్పుడు వేరుగా ఉంటుంది, వీధి చివరే ఆగిపోయింది. కాసేపటికి కోటయ్య వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. జుట్టు మీదా కనురెప్పల మీదా కంకర దుమ్ము. చేతిలో ఒక కవరు.

"అక్కా."

"రా. కాళ్ళు కడుక్కో."

కవరు గూట్లో పెట్టాడు. అరటిపళ్ళు, ఒక జాకెట్టు గుడ్డ. ఊళ్ళో ఆడపడుచులందరికీ వచ్చిన గాజులు అందులో లేవు. మాణిక్యమ్మ చూసింది, చూడనట్టు కంచం కడిగింది. పీట వేసి, మెత్తటి అన్నంలో పెరుగు పోసి, ఉప్పు వేసి, తన చేత్తో కలిపి మూడు ముద్దలు కంచంలో పెట్టింది. కోటయ్య వాటిని ఒకదాని వెంట ఒకటి, మందు మింగినట్టు మింగాడు. మింగి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆమె గబగబా ఇంకాస్త అన్నం పెట్టి, పులుసు వేసి, పక్కన గుడ్డు పెట్టింది. కాదనలేదు. ఎదురుగా కూర్చుని వాడు తినడం చూస్తుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు కొత్తగా కనిపించాయి. ఏడాదిలో ఎన్ని వచ్చాయిరా అని అడగాలనుకుంది.

"సంజన ఎట్టా ఉంది?"

కోటయ్య చెయ్యి ఆగింది. "ఏం బాలేదక్కా. రాత్రి జరం తగిలింది, భయంతో. కళ్ళు మూస్తే రాయి కనపడతందంట. 'నాన్నా, నువ్వు క్వారీకి పోబాక, అది నీ టిప్పర్ మీదే పడుద్ది' అని పొద్దున గేటు పట్టుకుని వదల్లా. పద్మ నిన్నటి నుంచీ పొయ్యి వెలిగించలా. ముందు నేను నమ్మలేదక్కా, టీవీ వోళ్ళ సంగతి తెలిసిందే గదా. మీ స్కూల్లో సైన్సు టీచరే భయపడమందని క్రషర్ కాడ చెప్పేసరికి నాక్కూడా కాళ్ళు చేతులు ఆడలా. చదువుకున్నోళ్ళు ఊరికే అంటారా?"

మాణిక్యమ్మకు సన్నగా, పొడుగ్గా, ఓణీలో ముడుచుకుని నిలబడిన సంజన కళ్ళ ముందుకొచ్చింది. అత్తా అంటూ తన చెంగు పట్టుకుని తిరిగిన పిల్ల. ఆ పిల్లకు జ్వరం తెప్పించింది టీవీ కాదు. ఊరుకుంటే సాయంత్రానికి రాయి దాటిపోతుంది, ఎవరికీ తెలియదు, తమ్ముడు కడుపునిండా తిని అక్క చెయ్యి కాపాడింది అనుకుంటూ పోతాడు. ఇంకో పండగకు మళ్ళీ వస్తాడేమో కూడా. అంతా ఆమెకు తెలుస్తూనే ఉంది.

"ఏం కాదురా" అంది. "అది చందమామకంటే ఎంతో దూరం నుంచి పోద్ది. ఎవరి మీదా పడదు. పిల్లకి ఫోన్ చేసి చెప్పు."

"టీచరే గదక్కా..."

"టీచరమ్మ ఏం కాదనే చెప్పింది. భయపడమందని అన్నది నేను."

కోటయ్య తలెత్తి చూశాడు. "నువ్వా? ఎందుకు?"

"ఏం కాదంటే నువ్వు వచ్చేవోడివా?"

అడగకుండా ఉండాల్సింది అని ఆ క్షణమే అనిపించింది. కోటయ్య ఆమె మొహంలోకి చూడలేదు. వేళ్ళ మీద పులుసు ఆరిపోతోంది. ఎడం చేత్తో జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"అమ్మా సంజనా. ఏం కాదంట. నేను స్కూల్లో కనుక్కున్నా. అది చానా దూరం నుంచి పోద్దంట. ఏడవబాక. అమ్మకి చెప్పు, అన్నం వండమను."

మాణిక్యమ్మ ఫోన్ కోసం చెయ్యి చాపింది. చెయ్యి గాల్లో ఉండగానే అతను ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. ఆ చేత్తోనే ఆమె నీళ్ళ చెంబు అందుకుని అతని పక్కన జరిపింది.

ఇంక లేస్తాడు, కంచంలో చెయ్యి కడిగేస్తాడు అనుకుంది. అతను కడగలేదు. తల వంచుకుని మిగిలిన అన్నం అంతా తిన్నాడు. గుడ్డు కూడా తిన్నాడు. కంచం అంచున ఒక్క మెతుకు వదల్లేదు. ప్రేమ కొద్దీ తిన్నాడో, కడుపులో ఎక్కడో మిగిలిన భయం కొద్దీ తిన్నాడో మాణిక్యమ్మకు అంతుబట్టలేదు. రెండోది కాకూడదని మాత్రం కోరుకుంది. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు ఇస్తే తీసుకోలేదు, లుంగీకి తుడుచుకున్నాడు.

"పోతన్నా" అన్నాడు గుమ్మం దిగుతూ.

గడప దిగేటప్పుడు వస్తానంటారు గానీ పోతాననరు. చిన్నప్పుడు అలా అంటే నెత్తిన మొట్టి దిద్దింది తనే. ఇప్పుడు దిద్దడానికి నోరు రాలేదు.

పొద్దుగూకే వేళకు ఊరంతా డాబాల మీదకెక్కింది. తలలు వెనక్కి వాల్చి అందరూ ఒకటే చూపు. పడమర ఎర్రబారింది, నల్లబడింది, రెండు చుక్కలు పొడిచాయి, ఏమీ రాలేదు. దాటిపోయిందని టీవీలో చెప్పాక ఎవరో మిగిలిపోయిన దీపావళి టపాసులు కాల్చారు. సీతారావమ్మ డాబా మీద నుంచి, "మన చేతులు గట్టివక్కా, మనోళ్ళందరినీ కాపాడుకున్నాం" అని కేకేసింది. మాణిక్యమ్మ అరుగు మీద కూర్చుని వీధి చివరికి చూస్తోంది. అక్కడ టిప్పర్ ఆగిన చోట టైర్ల జాడలు, రాలిన కంకర నలుసులు తప్ప ఏమీ లేవు.

ఆదివారం ఆమె సంజన జ్వరం ఎలా ఉందో అడుగుదామని ఫోన్ చేసింది. పద్మజ ఎత్తింది.

"తగ్గింది వదినా. ఆయన పడుకున్నారు. లేచాక చేయిస్తాలే." గొంతు ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది. "పిల్లని అంతలా భయపెట్టాల్సింది కాదు వదినా" అని పెట్టేసింది. కోటయ్య చెయ్యలేదు. పొద్దుపోయేదాకా మాణిక్యమ్మ ఫోన్‌ను చార్జింగ్ నుంచి తియ్యలేదు.

సోమవారం పిల్లలంతా బడికొచ్చేశారు. రాయి సంగతి అప్పుడే పాతబడింది. అన్నలు తెచ్చిన గాజులు కొన్ని చిట్లాయని, బిగుతయ్యాయని సీతారావమ్మ గొణుక్కుంటూ కూరగాయలు కోసి నీళ్ళకు వెళ్ళింది. మాణిక్యమ్మ పప్పు ఎనుపుతోంది. గేటు ముందు నుంచి కంకర టిప్పర్లు ఒకటొకటే పోతున్నాయి. వాటిలో కోటయ్యది కూడా పోయింది. వేగం తగ్గలేదు. అది లేపిన దుమ్ము వంటగది కిటికీ దాకా వచ్చి వాలింది. ఆమె పప్పు గిన్నె మీద మూత పెట్టి, దుమ్ము అణిగేదాకా నిలబడి, మళ్ళీ మూత తీసింది.

అనూష టీచర్ రుచి చూడడానికి వచ్చింది. మనిషి మంచి ఉత్సాహంగా ఉంది. "చూశారా, చెప్పినట్టే పోయింది. అనవసరంగా ఊరంతా హడలిపోయింది" అంది గంటె అందుకుంటూ.

మాణిక్యమ్మ పొద్దుటి నుంచీ గొంతులో ఉన్నది అడిగింది.

"ఆ రాయి మళ్ళీ ఎప్పుడొచ్చిద్ది టీచరమ్మా?"

అనూషకు జాలేసింది. పాపం, పెద్దావిడ, ఇంకా లోపల భయం పోలేదు అనుకుంది. గంటె పక్కన పెట్టి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంక రాదు మాణిక్యమ్మా. అది మళ్ళీ ఇంత దగ్గరికి రావాలంటే వందేళ్ళ పైమాటే. అప్పటికి మీరూ ఉండరు, నేనూ ఉండను. మన కాలంలో ఆ బెంగ తీరిపోయింది. హాయిగా ఉండండి."

"ఇంకోటేదన్నా? చిన్నదైనా?"

"ఏదీ లేదు. నా మాట నమ్మండి, ఏ రాయీ మన ఛాయలకు రాదు."

"అట్టాగే టీచరమ్మా" అంది మాణిక్యమ్మ.

పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పి, నవ్వుతూ, ఒక ముసలి మనసుకు ధైర్యం చెప్పానన్న తృప్తితో అనూష క్లాసుకు వెళ్ళిపోయింది. మాణిక్యమ్మ పప్పుగుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వందేళ్ళు అనుకుంది. బయట పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరుసలో నిలబడి ఆకలి ఆకలి అని కేకలు పెడుతున్నారు. అప్పటికే మెత్తగా మెదిగిపోయిన పప్పును ఆమె తల వంచుకుని ఇంకా ఎనుపుతూనే ఉంది.